ఖాళీయైన తేనెపెట్టెలు మరల నిండిన చరిత్ర

కన్యాకుమారి జిల్లాలోని మార్తాండం ప్రాంతమున తేనెటీగల పెంపకము పెక్కు ఇండ్లలో కుటుంబవృత్తి. పెరటిలో గుంజలపై నిలిపిన చిన్న పెట్టెలను తండ్రి తరువాత కొడుకు కనిపెట్టి చూచుట అచటి ఆచారము. 1991లో ఈ వృత్తి దాదాపు నశించెను. అది మరల ఎట్లు నిలద్రొక్కుకొనెనో తెలిసికొనుట జీవశాస్త్ర విద్యార్థులకు ఎంతయు ఉపయోగకరము.

అక్కడి పెరటి పెట్టెలలో పెంచు దేశీయపు ఈగ ‘ఏపిస్ సెరానా ఇండికా’. కొండతేనెటీగ ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెట్టును. సెరానా ఈగ అట్లుగాక చెట్టు తొర్రలలో, గోడల సందులలో, చీకటిలో అనేకమైన పట్టులను ప్రక్కప్రక్కన పెట్టును. ఈ స్వభావము వలననే దానిని పెట్టెలో పెంచ వీలైనది. పూర్వము తేనె కొరకు పట్టును కోసి పిండెడివారు. దానితో పిల్లపురుగులును నశించెడివి. పట్టును చెరుపకుండ తేనె తీయుటకు కదలు చట్రములు గల పెట్టె కావలెను. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో కనిపెట్టిన సూత్రము ననుసరించి, తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ మన చిన్న ఈగకు తగిన చిన్న పెట్టెను రూపొందించెను. 1911, 1917 సంవత్సరముల నడుమ ఆయన గ్రామీణులకు దాని వాడుక నేర్పెను. 1920 తరువాత మార్తాండమున వై.ఎం.సి.ఎ. గ్రామీణ కేంద్రమును నడిపిన స్పెన్సర్ హాచ్ ఈ పనిని ప్రోత్సహించెను.

ఈ పరిశ్రమకు రబ్బరు తోటలు గొప్ప అండ. రబ్బరు చెట్టున తేనెటీగలకు మకరందము ముఖ్యముగా లభించునది పూవులలో కాదు. ఆకుకాడ కొనయందు మూడు చిట్టి ఆకులు కలియు చోట నున్న గ్రంథులనుండి అది స్రవించును. ఆకు రాలి క్రొత్త చిగురు వచ్చు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే తేనె పండు కాలము.

1976లో థాయిలాండునందలి సెరానా ఈగలలో ఒక క్రొత్త వ్యాధి కనిపించెను. 1978 నాటికి అది మేఘాలయకు వచ్చెను. 1982లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు బెయిలీ, ఆయన సహచరులు దీనికి కారణమైన వైరస్‌ను వర్ణించిరి. దీనికి ‘థాయి శాక్‌బ్రూడ్ వైరస్’ అని పేరు. ఈగ డింభకము ప్యూపాగా మారుటకు ముందు తన చర్మమును విడువవలెను. ఈ రోగము సోకిన డింభకము దానిని విడువజాలదు. చర్మమునకు, దేహమునకు నడుమ ద్రవము చేరి, అది నీటితో నిండిన సంచివలె ఉబ్బి చచ్చును. తుదకు ఎండి పడవ ఆకారపు పెచ్చుగా మిగులును. చచ్చిన పిల్లలను తొలగించు పనికత్తె ఈగలకు వైరస్ అంటును. అవియే మరల ఇతర డింభకములకు ఆహారము పెట్టును. ఇట్లు పిల్లలను సాకు దాదియే రోగమును మోయును.

1991, 1992 సంవత్సరములలో ఈ వ్యాధి కేరళ, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములను చుట్టివేసెను. నూటికి తొంబదికి మించి పెట్టెలు నశించెను. బాక్టీరియాను చంపు మందులు వైరస్‌పై పనిచేయవు. ఈ వైరస్‌కు వేరు మందును లేదు. ఒక పెట్టె చట్రమును మరియొక దానిలో ఉంచుట, పెట్టెలను ఊరినుండి ఊరికి తరలించుట మొదలగు అలవాటైన పనులే రోగవ్యాప్తికి తోడ్పడగలవు.

అప్పుడు పెంపకందార్ల ముందు రెండు మార్గములుండెను. మొదటిది ఐరోపా ఈగయైన ‘ఏపిస్ మెల్లిఫెరా’ను తెచ్చుట. 1960 తరువాత అత్వాల్, ఆయన సహచరులు హిమాచల ప్రదేశమందలి నగ్రోటాలో దీనిని మన దేశమున స్థిరపరచియుండిరి. థాయి వైరస్ దీనిని అంతగా బాధింపదు. తేనెయు ఎక్కువ. కాని దీనికి పెద్ద పెట్టె, విస్తారమైన పూలవనరు, పూవులు లేని దినములలో చక్కెర పానకము కావలెను. వర్రోవా అను పేను దీనికి ప్రబల శత్రువు. సెరానా ఈగలు ఆ పేనును చాలవరకు తామే తొలగించుకొనును. కావున నాలుగైదు పెట్టెలు గల పేదకుటుంబమునకు ఈ మార్గము సులభము కాదు.

రెండవది మిగిలిన కొలదిపాటి సెరానా పెట్టెలను వృద్ధిచేయుట. బ్రతికిన పెట్టె యంతయు నిరోధశక్తి గలదని చెప్పరాదు. దానికి రోగము తగులకయే పోయి యుండవచ్చును. కనుక చుట్టును రోగమున్నను ఏటేటా బలముగా నిలిచిన పెట్టెను గుర్తించి, దానినుండియే క్రొత్త రాణులను పుట్టించి, పెట్టెలను విభజింపవలెను. రోగము కనిపించినచో రాణిని కొన్ని దినములు చిన్న పంజరమున నిర్బంధింతురు. గ్రుడ్లు లేనందున క్రొత్త డింభకములుండవు. వైరస్ వ్యాప్తికి ఆధారము తగ్గును. ఈలోగా పనికత్తెలు గదులను శుభ్రముచేయును. వ్యాధి సోకిన పిల్లలను త్వరగా గుర్తించి పారవేయు గుణము కొన్ని పెట్టెలలో అధికము. ఈ గుణము కొంతవరకు వంశపారంపర్యమగుటచే అట్టి రాణుల సంతతిని ఎన్నుకొనుట ఫలించును. అడవులలో ప్రకృతియు ఈ ఎన్నికనే చేసెను. ఇట్లు కొన్ని ఏండ్లలో పెరటి పెట్టెలు మరల నిండసాగెను.

రోగము పూర్తిగా తొలగలేదు. అప్పుడప్పుడు తిరిగి తలయెత్తుచునే యున్నది. వైరస్ కూడ మార్పు చెందును గదా! తెలుగునాట మన్యములలోను సెరానా ఈగ కలదు. దానిని పెంచువారు ఎక్కువ తేనె నిచ్చిన పెట్టెను మాత్రమే గాక, రోగమునకు తట్టుకొన్న పెట్టెను కూడ గుర్తుపెట్టుకొనవలెను. మార్తాండపు కుటుంబములకు వృత్తిని తిరిగి దక్కించినవి అట్టి పెట్టెలే.