భూమి లెక్కలు - లెక్కల కాపరులు

జగిత్యాల అని వ్రాయువారు కొందరు, జగ్త్యాల అని పలుకువారు కొందరు. కోరుట్ల ఇంగ్లీషు కాగితములలో కోరట్ల అయినది. సిరిసిల్లకు సిర్సిల్ల అను రూపము నేటికిని వాడుకలో కలదు. ఊరి పేరే ఇన్ని విధములుగా వ్రాయబడినపుడు ఆ ఊరి ఎల్లయ్య, మల్లయ్యల పేర్ల గతి ఏమి కావలెను? నిజాము కాలపు దస్త్రములు ఉర్దూ లిపిలో నడచినవి. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణముగా గుర్తింపరు. కావున ఎల్లయ్య, ఇల్లయ్య కాగితముపై ఒకే మనిషి అగుదురు.

నేడు కార్యాలయములలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో లెక్కలు కంప్యూటరులోనికి చేరినవి. వాటిని భద్రపరచు డేటాబేసు నిర్వాహకులును, వాటి కొరకు ప్రోగ్రాములు వ్రాయువారును మన ఇండ్లలోని పిల్లలే. వారికి అక్కరకు వచ్చు పాఠములు ఈ మూడు ఊళ్ల భూమి దస్త్రముల చరిత్రలో కలవు. ఇచ్చట దస్త్రమును ఎవరు దిద్దగలరు, దిద్దినపుడు జాడ మిగులునా అను రెండు ప్రశ్నలు రైతు బ్రతుకును నిర్ణయించినవి.

మొదటి సాలార్ జంగు 1853 నుండి 1883 వరకు హైదరాబాదు దివానుగా ఉండెను. అంతకు పూర్వము శిస్తు వసూలును గుత్తకు ఇచ్చెడివారు. ఎవని పొలము ఎంత అను ప్రశ్నకు సర్కారు వద్ద సరియైన జవాబు లేకుండెను. ఆయన 1865లో జిల్లాలను ఏర్పరచి జీతపు అధికారులను నియమించెను. తరువాతి దశకమున సర్వే శాఖ వెలసినది. మన ప్రాంతము ఆనాడు ఎలగందుల జిల్లాలోనిది. జిల్లా ముఖ్యస్థానము 1905లో కరీంనగరునకు మారినది.

సర్వేవారు ప్రతి కమతమునకు హద్దురాళ్లు పాతి ఒక నంబరు నిచ్చిరి. ఆ నంబరు, ఎకరములు గుంటలలో విస్తీర్ణము, తరీయా ఖుష్కీయా అను తరగతి, శిస్తు, పట్టాదారు పేరు - ఇవన్నియు ఎక్కిన మూల గ్రంథమే సేత్వారు. ఏటేట పంట, సాగు వివరములు వ్రాయునది పహాణీ. మూలమును ఒకచోట స్థిరముగా ఉంచి, మారునట్టి వానిని వేరొక పుస్తకమున వ్రాయుట ఎంత తెలివైన ఏర్పాటో చూడుడు! 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ పట్టికల సిద్ధాంతమును ప్రకటించుటకు దాదాపు నూరేండ్లకు ముందే మన గ్రామములలో ఈ పద్ధతి ప్రారంభమైనది.

పట్టాదారు చనిపోవును, పేరు మారును, నంబరు మారదు. అన్నదమ్ములు పంచుకొన్నచో నంబరు చివర అ, ఆ అని బై నంబర్లు పుట్టును. నిర్వాహకులు దీనినుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. పేరును గుర్తుగా పెట్టుకొనరాదు. అర్థము లేని, మార్పు లేని సంఖ్యనే గుర్తుగా పెట్టుకొనవలెను. మరియొక సంగతి: అ, ఆ భాగముల విస్తీర్ణములు కలిపిన మొత్తము మూల నంబరు విస్తీర్ణమును మించరాదు. నాలుగెకరముల నంబరులో నలుగురికి కలిపి అయిదెకరములు వ్రాసినచో ఆ అయిదవ ఎకరము కాగితములో తప్ప ఎచ్చటను ఉండదు. మన రెవెన్యూ కార్యాలయములలో ఆర్.ఎస్.ఆర్. తేడా అని పిలువబడు చిక్కు ఇదియే. దీనిని తరువాత విచారణలో తేల్చుట కష్టము. పద్దు వేయుచున్నప్పుడే కంప్యూటరు కూడి చూచి, మించినచో తిరస్కరించునట్లు నియమము వ్రాసి పెట్టుట సులభము.

ఏర్పాటు మంచిదే, కాని కలము ఎవరి చేతిలో ఉండెను? శిస్తు వసూలు మాలీ పటేలు పని, వ్రాత పట్వారీ పని. కాగితముపై ఇది అధికార విభజన. ఆచరణలో ఇవి వంశపారంపర్యపు వతనులు. దస్త్రము పట్వారీ ఇంట గుడ్డమూటలో ఉండెడిది. చదువు లేని రైతుకు తన పేరు ఏ గడిలో ఉన్నదో చూచుకొను వీలే లేకుండెను. వ్రాయువాడు, సరిచూచువాడు, దాచువాడు ఒక్కడే అయినచోట ఎంత మంచి పట్టికయైనను రక్షింపజాలదు. నేటి నిర్వాహకుడును తన చేతిలోని సర్వాధికారపు తాళపుచెవిని రోజువారీ పనికి వాడకుండుట మేలు. దిద్దువానికి ఒక ప్రవేశము, ఆమోదించువానికి వేరొకటి, చూచువానికి మరియొకటి ఇయ్యవలెను.

ఆ మూటపై ప్రజలకు ఎంత కసి ఉండెనో సాయుధ పోరాట కాలమున బయటపడినది. కరీంనగరు జిల్లాలో అనభేరి ప్రభాకరరావు దళము ఊరూర పటేలు పట్వారీల దస్త్రములను తగులబెట్టినది. ఆయన 1948 మార్చిలో మహమ్మదాపురము గుట్టలలో కాల్పులలో మరణించెను. దస్త్రము న్యాయమును ఇయ్యనప్పుడు జనము దస్త్రమునే కాల్చుదురు. అయితే కాలినది కౌలుదారునకు సాక్ష్యము కాగల కాగితము కూడ అయి ఉండవచ్చును. ఒకే ప్రతి ఉన్న లెక్కకు అగ్గియు, చెదలును, వరదయు సమానమే. నకలు వేరొక ఊరిలో ఉండవలెను. ఆ నకలు నుండి మూలమును తిరిగి కూర్చగలమా అని అప్పుడప్పుడు పరీక్షించియు చూడవలెను. విప్పి చూడని మూటలో కాగితములున్నవో పొట్టున్నదో ఎవరికి తెలియును?

పోలీసు చర్య తరువాత 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. పిమ్మట 1954-55లో పొలము పొలమునకు తిరిగి తయారు చేసిన లెక్కయే ఖాస్రా పహాణీ. పట్టాదారు ఒక గడి, అనుభవదారు ఒక గడి. దున్నువాని పేరు వేరుగా నమోదగుట చిన్న విషయము కాదు. రక్షిత కౌలుదారు హక్కు అడుగుటకు అట్టి నమోదే ఊతము.

కాని ఊరి బలాబలములు చట్టముతోనే మారలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది కూలీలు, రైతులు ఊరేగింపుగా కదలిరి. వెట్టి వద్దు, దొరలు ఆక్రమించిన భూములు వదలవలెను అనునవి వారి కోరికలు. ఆ అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పటేలు పట్వారీ పదవులను రద్దు చేసినది.

ఇక కంప్యూటరు కాలము. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళన ప్రారంభించినది. తగాదా లేనివి ఎ భాగమున, ఉన్నవి బి భాగమున చేర్చబడినవి. 2020 అక్టోబరు 29న ధరణి వెలసినది. రిజిస్ట్రేషనుతో పాటే పేరు మార్పు జరుగుట నిజముగా మెచ్చదగినది. అంతకు ముందు ఆ రెండింటికి నడుమ నెలలు గడచెడివి. రెండు పనులు కలిసి జరుగవలెను, లేదా రెండును జరుగరాదు అనునది డేటాబేసు శాస్త్రములో మూలసూత్రము.

కాని అనుభవదారు గడి కొత్త దస్త్రములో లేకపోయినది. పాత లెక్కను కొత్తదానికి తరలించునప్పుడు ఒక గడిని తీసివేయుట యంత్రమునకు క్షణము పని. ఆ గడిలో తప్ప మరెచ్చటను పేరు లేనివానికి అది ఆస్తి నష్టము. నాకు తోచినంతలో తరలింపు చేయువారు పాత పట్టికను చెరపక, చూచుటకు మాత్రమే వీలగునట్లు ప్రక్కన ఉంచుట ఉత్తమము. తరలింపునకు ముందును పిదపను వరుసలు లెక్కించి, విస్తీర్ణముల మొత్తములు సరిపోల్చుటయు అవసరమే. ఆధార్ సంఖ్య చేరని ఖాతాలు అప్పట్లో నిలిచిపోయినవి. తప్పనిసరి అనుకొన్న గడి ఖాళీగా ఉన్నచో మొత్తము వరుసను ఆపుట కంటె, వరుసను నిలిపి "ఇంకను రాలేదు" అని కారణము వ్రాయుట న్యాయము. ఖాళీ వేరు, సున్న వేరు, లేదనుట వేరు.

దిద్దుబాటునకు ధరణిలో టి.ఎం.33 వంటి దరఖాస్తులు పుట్టినవి. దిద్దుట గురించి పాత కచ్చేరీ మర్యాద ఒకటి కలదు: తప్పు పేరును చెరపక ఎర్ర సిరాతో గీత గీసి, క్రొత్త పేరు పైన వ్రాసి, ప్రక్కన ఆజ్ఞ నంబరు, తేదీ, పొడి సంతకము ఉంచుట. గీత క్రింద పాత పేరు చదువ వీలగును. కంప్యూటరులో ఒక విలువపై మరొకటి వ్రాసినచో పాతది మాయమగును. కావున ప్రతి మార్పునకు ఎవరు, ఎప్పుడు, ఏ ఆజ్ఞపై అను వివరములతో వేరు పట్టిక ఉండవలెను; ఆ పట్టికను నిర్వాహకుడు సైతము దిద్దరాదు.

తేదీలయందును జాగ్రత్త వలెను. ఫసలీకి 590 కలిపిన క్రీస్తు సంవత్సరము వచ్చునని సూత్రము. అయితే ఫసలీ జనవరితో మొదలు కాదు. ఒక ఫసలీ రెండు క్రీస్తు సంవత్సరములపై పడును. మార్చిన తేదీని మాత్రమే ఉంచి మూలమును పారవేసినచో ఏడాది తేడాతో హక్కు తారుమారు కావచ్చును. మూలములో ఉన్నదానిని ఉన్నట్లే ఒక గడిలోను, మన లెక్కను వేరొక గడిలోను ఉంచవలెను. పేర్లకును ఇదే దారి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. అధికారి ఉత్తర్వుపై అప్పీలుకు ఈ చట్టములో చోటున్నది. జగిత్యాల, సిరిసిల్ల 2016 నుండి వేరు వేరు జిల్లాలు. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. దస్త్రములును అట్లే విడివడి కొత్త కచ్చేరీలకు పోయినవి. కాని హద్దు తగాదా వచ్చి రైతు వకీలు వద్దకు పోయినపుడు, చేతిలోని కొత్త పాసుబుక్కును చూచిన పిమ్మట వకీలు తెమ్మనునది 1954-55 ఖాస్రా పహాణీ నకలు.