ఐమౌత్ మ్యూజియం: తుఫాను వస్తుందని తెలిసీ వేటకి ఎందుకెళ్ళారు?

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక చిన్న ఊరు, ఆ ఊరి మ్యూజియం, అందులో ఊరి ఆడవాళ్ళు కుట్టిన ఒక పొడవాటి బట్ట. ఈ మూడింటి కథే చెప్పుకుందాం.

ఊరి పేరు ఐమౌత్. స్కాట్లాండ్‌లో, ఇంగ్లండ్ సరిహద్దుకి దగ్గర్లో, నార్త్ సీ ఒడ్డున ఉంటుంది. తరతరాలుగా చేపల వేట మీద బతికిన ఊరు. 1981లో అక్కడ ఒక పాత చర్చి భవనంలో మ్యూజియం తెరిచారు. అదే సంవత్సరం ఎందుకంటే, సరిగ్గా వందేళ్ళ ముందు, 1881 అక్టోబర్ 14న, ఒక్క తుఫానులో ఆ ఊరు 129 మంది మగవాళ్ళని పోగొట్టుకుంది. చుట్టుపక్కల రేవులు కూడా కలిపితే 189 మంది. అది శుక్రవారం. ఈరోజుకీ అక్కడ దాన్ని బ్లాక్ ఫ్రైడే అనే అంటారు. మన ఫోన్లకి ఆఫర్ల మెసేజ్‌లు వచ్చే బ్లాక్ ఫ్రైడే కాదు ఇది.

ఆ రోజు పొద్దున ఏం జరిగిందో చూద్దాం. అంతకుముందు కొన్ని రోజులుగా వాతావరణం బాగోలేక పడవలు రేవులోనే ఆగిపోయాయి. శుక్రవారం పొద్దున చూస్తే ఎండ కాస్తోంది, సముద్రం ప్రశాంతంగా ఉంది. కానీ రేవు దగ్గర ఒక బారోమీటర్ ఉండేది. గాలి పీడనం పడిపోతే తుఫాను రావచ్చని దాన్ని చూసి తెలుసుకునేవాళ్ళు. ఆ పొద్దున అది బాగా కిందకి పడిపోయి ఉంది. అంటే అప్పటి వెదర్ యాప్ రెడ్ అలర్ట్ ఇచ్చినట్టే. అయినా పడవలు బయల్దేరాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కసారిగా చీకటి కమ్మేసింది, గాలి విరుచుకుపడింది. 

కొన్ని పడవలు నడిసముద్రంలో మునిగిపోయాయి. కొన్ని ఎలాగో రేవు దాకా వచ్చి, రేవు ముఖద్వారం దగ్గరున్న హర్కర్స్ అనే రాళ్ళకి కొట్టుకుని పగిలిపోయాయి. భార్యలు, పిల్లలు ఒడ్డున నిలబడి చూస్తుండగానే. ఏరియల్ గజెల్ అనే పడవ మాత్రం రేవులోకి రావడానికి ప్రయత్నించకుండా సముద్రంలోనే తుఫానుని తట్టుకుని, ఆదివారం తిరిగొచ్చింది. అందులో ఉన్నవాళ్ళు పోయారనే అనుకున్నారు అప్పటికి.

ఈ కథ వినగానే మనం ఈజీగా ఒక మాట అనేస్తాం: "హెచ్చరిక చూసి కూడా వెళ్ళారా? మూర్ఖులు!" నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కానీ కొంచెం లోపలికి వెళ్తే లెక్క వేరేలా ఉంటుంది.

అప్పటి వేటలో ఒక పొడవాటి తాడుకి వెయ్యికి పైగా గాలాలు ఉండేవి. ప్రతి గాలానికీ ఎర గుచ్చాలి. ఎర అంటే మసెల్స్ అనే గుల్లలు. వాటిని ఏరి తేవడం, గుల్ల విప్పి మాంసం తీయడం, ఒక్కో గాలానికి గుచ్చడం, చిక్కు పడకుండా తాడు చుట్టిపెట్టడం, ఇదంతా ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు చేసేవాళ్ళు. చలిలో, గంటల తరబడి. పడవ కదలకపోతే ఆ ఎర కుళ్ళిపోతుంది. చేసిన చాకిరీ అంతా వృథా. వేట లేని రోజున ఆదాయం సున్నా. పైగా ఒక పడవ బయల్దేరితే పక్కవాడు ఒడ్డున కూర్చోవడం అంత సులువు కాదు. వాళ్ళకి బారోమీటర్ చదవడం రాక కాదు, ఆగితే పూట గడవక వెళ్ళారు.

ఇంకో విషయం ఆ రేవు. ముఖద్వారం ఇరుకు, పక్కనే రాళ్ళు. బాగుచేయాలంటే డబ్బు కావాలి. ఐమౌత్ జాలర్లు పట్టిన చేపల్లో చర్చికి వాటా కట్టాలనే పాత పద్ధతి ఒకటి ఉండేది. విలియం స్పియర్స్ అనే జాలరి నాయకత్వంలో దాని మీద పెద్ద పోరాటమే చేశారు. చివరికి 1864లో 2,000 పౌండ్లు కట్టి దాన్ని వదిలించుకున్నారు. ఆ రోజుల్లో జాలర్ల ఊరికి అది చాలా పెద్ద భారం. రేవుకి పోవాల్సిన డబ్బు పన్ను వదిలించుకోవడానికి పోయిందన్నమాట. స్పియర్స్ విగ్రహం ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంది.

తుఫాను తర్వాత దేశమంతా చందాలు వచ్చాయి, సుమారు 54,000 పౌండ్లు. అందులోంచి భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్ళకి వారానికి 5 షిల్లింగులు, పిల్లలకి కొంత ఇచ్చేవారు. ఐమౌత్‌లో అలా మిగిలినవాళ్ళు 78 మంది భార్యలు, 182 మంది పిల్లలు. 2016లో శిల్పి జిల్ వాట్సన్ చేసిన కంచు శిల్పాన్ని ఊళ్ళో ఆవిష్కరించారు. అందులో పడవలు కాదు, ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తున్న ఆ తల్లులు, పిల్లలు ఉంటారు.

ఇప్పుడు మ్యూజియంలోని బట్ట దగ్గరికి వద్దాం. అదే ఐమౌత్ టాపెస్ట్రీ. 15 అడుగుల పొడవు. వందో వర్ధంతి కోసం ఊరికి చెందిన 24 మంది ఆడవాళ్ళు రెండేళ్ళు కూర్చుని కుట్టారు. నాకు ఇక్కడే గట్టిగా తగిలింది. 1881లో వెయ్యి గాలాలకి ఎర గుచ్చినవి కూడా ఆ ఊరి ఆడవాళ్ళ చేతులే. వాళ్ళ పని గుచ్చిన రోజే సముద్రంలో కలిసిపోయేది, ఎవరూ దాచిపెట్టలేదు. ఈ పని మాత్రం గోడకెక్కింది.

వానలో బండి మీద పార్సిల్ తెచ్చే కుర్రాడిని చూసి "ఈ వానలో ఎందుకు తిరుగుతున్నాడు" అనుకుంటాం కదా. వాన పడుతోందని అతనికి తెలీదా? ఈసారి అలా అనుకున్నప్పుడు ఆ బారోమీటర్ గుర్తుచేసుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా వేటకి వెళ్ళేవాళ్ళుంటే, వాళ్ళ వెనక ఒడ్డున ఎవరు ఏ పని చేసేవాళ్ళో అడిగి కామెంట్స్‌లో రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను. ఉంటాను మరి.