ముగింపే ముందు కనిపించిన కథ

సూర్యుడి లాంటి నక్షత్రాలు ఎలా ముగుస్తాయో చెప్పే సాక్ష్యాలు శాస్త్రజ్ఞుల కంట ఎప్పుడో పడ్డాయి. వాటిని ఒకే కథగా కలపడానికి మాత్రం 1956 దాకా ఆగాల్సి వచ్చింది.

1764లో ఫ్రెంచి ఖగోళవేత్త షార్ల్ మెస్యే ఓ మసక మచ్చను తన జాబితాలో 27వదిగా చేర్చాడు. అలాంటి మచ్చలు కొన్ని దుర్భిణిలో గుండ్రంగా కనిపించడంతో విలియం హెర్షెల్ వాటిని గ్రహ నీహారికలన్నాడు. నిజానికి గ్రహాలతో వాటికే సంబంధమూ లేదు. 1864లో విలియం హగిన్స్ ఒకదాని వర్ణపటం చూసి, అది వాయువేనని తేల్చాడు.

రెండో సాక్ష్యం లుబ్ధకం పక్కనే ఉంది. ఆ నక్షత్రం గమనం అటూ ఇటూ ఊగుతోందంటే కనిపించని తోడేదో ఉండాలని 1844లో బెసెల్ చెప్పాడు. 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త కటకాన్ని పరీక్షిస్తూ దాన్ని చూశాడు. ద్రవ్యరాశి సూర్యుడంత, పరిమాణం భూమంత! శ్వేత కుబ్జం అనే అంత దట్టమైన తార కూలిపోకుండా నిలవడానికి ఎలక్ట్రాన్ల ఒత్తిడే కారణమని 1926లో రాల్ఫ్ ఫౌలర్ వివరించాడు. 1930లో ఓడలో ఇంగ్లండు వెళ్తూ పందొమ్మిదేళ్ల చంద్రశేఖర్ ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఆ ఒత్తిడి మోయగల ద్రవ్యరాశికి ఓ హద్దుంది. అది సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. 1935లో లండన్ సభలో ఎడింగ్టన్ దాన్ని కొట్టిపారేశాడు. నక్షత్రాల వెలుగుకు హైడ్రోజన్ హీలియంగా మారడమే మూలం కావచ్చని 1920లోనే చెప్పిన మేధావి ఇలా అడ్డు నిలవడం ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది. చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది 1983లో.

సిసిలియా పేన్‌కూ అలాంటి అనుభవమే. మేఘనాథ్ సాహా సమీకరణం ఆధారంగా నక్షత్రాల్లో హైడ్రోజనే అత్యధికమని 1925లో ఆమె కనిపెట్టింది. హెన్రీ రస్సెల్ ఒప్పుకోకపోవడంతో, ఆ ఫలితం నిజం కాకపోవచ్చని తన సిద్ధాంత గ్రంథంలో తానే రాసింది. ఆమె లెక్కే సరైనదని తర్వాత రస్సెలే అంగీకరించాడు. హైడ్రోజన్ హీలియంగా మారే చర్యలను 1939లో హాన్స్ బేతె వివరించాడు.

1956లో సోవియట్ శాస్త్రవేత్త యోసిఫ్ ష్క్లోవ్‌స్కీ ఈ ముక్కలన్నీ కలిపాడు. ముసలితనంలో ఉబ్బిన ఎర్రటి తార వదిలేసిన పైపొరలే గ్రహ నీహారిక, మధ్యలో మిగిలే గర్భమే శ్వేత కుబ్జం!

సూర్యుడి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్లు. మరో 500 కోట్ల ఏళ్లకు గర్భంలో హైడ్రోజన్ అయిపోతుంది. గర్భం కుంచించుకుపోతుంది, పైపొరలు ఉబ్బి బుధ, శుక్ర గ్రహాలను మింగేస్తాయి. భూమి సంగతిలో లెక్కలు ఇంకా ఏకీభవించడం లేదు. గర్భం 10 కోట్ల డిగ్రీలకు చేరాక హీలియం కార్బన్‌గా, ఆక్సిజన్‌గా మారుతుంది. చివరకు ఇప్పటి ద్రవ్యరాశిలో సుమారు సగం మిగులుతుంది.

ఆ తర్వాతి దశ గురించీ కొంత తెలిసింది. చల్లారే శ్వేత కుబ్జం లోపలి నుంచి గడ్డకట్టి స్ఫటికమవుతుందని 1968లో హ్యూ వాన్ హార్న్ లెక్కగట్టాడు. గయా ఉపగ్రహం కొలతల్లో దానికి సాక్ష్యం దొరికిందని 2019లో పరిశోధకులు ప్రకటించారు.