ఉడుత బొమ్మల బెంచీ

రైళ్ళు పుట్టిన తొలి రోజులలో ఇంగ్లండులోని కొన్ని మార్గాలలో మూడవ తరగతి ప్రయాణికుడు కప్పులేని పెట్టెలో నిలబడి పోవలసినదే. 1844లో పార్లమెంటు చేసిన చట్టం కొత్త కంపెనీలను కట్టడి చేసినది: రోజుకు ఒక బండినైనా మైలుకు పెన్నీ మించని ఛార్జీతో నడపవలెను, అందులో బల్లలు ఉండవలెను, ఎండవానల నుండి రక్షణ ఉండవలెను. ఇక బండి కోసం కాచుకొని ఉండేవారి మాట? లైన్లు పెరిగిన కొద్దీ వందల స్టేషన్లకు వేల బెంచీలు కావలసివచ్చినవి.

అందుకు దొరికిన ఉపాయం చాల తేలికైనది. బెంచీని రెండే రకాల భాగాలుగా విడదీసినారు: పోత ఇనుప చట్రాలు, వాటిమీద బోల్టులతో బిగించే కొయ్య బద్దలు. రెండు చట్రాలైతే పొట్టి బెంచీ. నడుమ మరొకటి చేర్చితే పొడుగుది. ఒక బద్ద పుచ్చిపోతే ఆ ఒక్కదానినే మార్చవచ్చును.

ఈ పంపకంలో పదార్థ ధర్మం కూడ ఉన్నది. మనిషి కూర్చున్నప్పుడు బద్ద వంగుతుంది. దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు ఎంతో గట్టిది, సాగదీతకు అందులో మూడు నాలుగవ వంతు మాత్రమే ఓర్చుకోగలదు. కనుక బరువును నేలకు దింపే పని ఇనుముకు, వంగే పని కొయ్యకు అప్పగించినారు.

చట్రం పోయడానికి ముందుగా కొయ్యతో నమూనా చెక్కుతారు. దానిని తడి ఇసుకలో అదిమి తీసివేస్తే మిగిలిన ఖాళీయే మూస. ఒక్క నమూనాతో వందల మూసలు చేయవచ్చును. నగిషీ చెక్కే శ్రమ ఒకసారితో సరి. అందువల్లనే కంపెనీలు తమ తమ చిహ్నాలను బెంచీల కాళ్ళమీద ధారాళంగా పోయించుకున్నవి. గ్రేట్ వెస్టర్న్ కంపెనీ తన పేరులోని మొదటి అక్షరాలను వేయించినది. ఇనుప ఖనిజాన్నీ పలకరాతినీ మోసేందుకు పుట్టిన ఫర్నెస్ రైల్వే ద్రాక్షపండ్లు తినే ఉడుతను వేయించినది! ఆ కంపెనీ 1923లో పెద్ద సంస్థలో కలిసిపోయినా, ఉడుత బెంచీలు కొన్ని నేటికీ మిగిలి ఉన్నవి.

1962లో ఈమ్స్ దంపతులు చికాగోలోని ఓహేర్ విమానాశ్రయం కోసం రూపొందించిన కుర్చీల వరుసలోనూ సూత్రం ఇదే. ఉక్కు దూలం మీద అల్యూమినియం చట్రాలు. ఆసనానికీ వీపుకూ ఒకే కొలత మెత్తలు.

పాత బెంచీలను బాగుచేసేవారికి ఒక చిక్కు ఎదురౌతుంది. విరిగిన చట్రానికి బదులు, బాగున్న చట్రాన్నే ఇసుకలో అదిమి కొత్తది పోస్తే చాలదా? చాలదు. కరిగిన ఇనుము గట్టిపడి చల్లారేటప్పటికి అడుగుకు సుమారు అంగుళంలో ఎనిమిదవ వంతు కుదించుకుపోతుంది. రెండున్నర అడుగుల చట్రం 8 మిల్లీమీటర్లు పొట్టిదౌతుంది. పాతది ఒక వైపు, కొత్తది ఒక వైపు ఉన్న బెంచీ ఒరుగుతుంది. అందుచేత నమూనాలు చేసే వడ్రంగి కొలబద్దయే వేరు. దానిమీద అడుగు అంటే 12⅛ అంగుళాలు. పాత ఉడుతను మామూలు బద్దతో కొలిచి, కొత్త ఉడుతను ఆ పెద్ద బద్దతో కొయ్యమీద గీసి చెక్కవలసి ఉంటుంది.