లజాన్యా – మా చిన్నమ్మ చేతిలోని చరిత్ర

2024 నవంబరులో తెలంగాణ అంతటా ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది. ఆ వారం నేను ఏర్గట్లలో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. కాగితాలు పట్టుకుని వచ్చిన అమ్మాయి అరుగు మీద కూర్చుని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. చిన్నమ్మ పేరు, వయసు, చదువు అయ్యాక ‘ఏం పని చేస్తారు?’ అంది. చిన్నమ్మ నోరు తెరిచేలోపే ఆమె కొడుకు, నాకు తమ్ముడు, ‘ఏం పని లేదు మేడం, ఇంట్లనే ఉంటది’ అన్నాడు. ఆ అమ్మాయి రాసుకుంది. చిన్నమ్మ ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి అందరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

నెల తిరిగాక సెలవులకు మళ్ళీ ఊరికి వెళ్ళాను. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మనవరాలు కూడా వచ్చింది. ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, ‘నానమ్మా, గిది ఎప్పుడన్న తిన్నవా? లజాన్యా అంటరు’ అంది. చిన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ‘తినుడేందే? కువైట్‌ల శుక్రారం శుక్రారం నేనే చేస్తుంటి. ముప్పై మందికి’ అంది.

నేను ఉలిక్కిపడ్డాను. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. నేను చరిత్ర పాఠాలు చెప్పి బతికేదాన్ని. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ గురించి ఏటా క్లాసులో చెప్తాను. అడిగితే తప్ప ఆడవాళ్ళ చరిత్ర బయటికి రాదని ఆ పుస్తకం మనకు నేర్పింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగారు కాబట్టే ఆ చరిత్ర దొరికింది. మరి పన్నెండేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చిన చిన్నమ్మను ‘అక్కడ రోజంతా ఏం చేసేదానివి?’ అని నేనెప్పుడూ అడగలేదు. ఇంటిపనే కదా, అందులో అడగడానికేముంది అనుకున్నాను. తమ్ముడిది నోటి తొందర. నాది మాత్రం మౌనం. తేడా అంతే.

‘రేపు చేద్దాం’ అంది చిన్నమ్మ. నేను నోటుబుక్కు తీసుకున్నాను.

అరకిలో మైదా, ఐదు గుడ్లు, కిలో ఖీమా, కిలోన్నర టమాటాలు, ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డ, లీటరున్నర పాలు, ఇంత వెన్న. చీజు ఆర్మూరు నుంచి తెప్పిస్తానన్నాడు తమ్ముడు. ‘పాలు ఇరగ్గొడితే సాలు’ అంది. పీట మీద మైదా కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, గుడ్లు కొట్టి వేసింది. నీళ్ళు ఒక్క చుక్క పోయలేదు. పది నిమిషాలు అరచేతి మడమతో పిసికి, తడి గుడ్డ కప్పి పక్కన పెట్టింది. అది నానే అరగంటలో ఖీమా పొయ్యి మీదికి ఎక్కింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎర్రబడ్డాక మాంసం, అది నీరు వదిలి మళ్ళీ ఇగిరాక టమాటా. సన్నని సెగ మీద రెండు గంటలు.

ఈ వంటకు ఏడువందల ఏళ్ళ కాగితం సాక్ష్యం ఉంది. దాదాపు 1300 నాటికి నేపుల్స్ రాజాస్థానంలో లాటిన్‌లో రాసిన ఒక వంటల పుస్తకంలో లజాన్యా కనిపిస్తుంది. పిండిని పల్చగా వత్తి, ముక్కలు కోసి ఉడికించి, తురిమిన చీజు, సుగంధద్రవ్యాలు పొరపొరకీ చల్లి, పుల్లతో గుచ్చుకుని తినమని రాశారు. అందులో టమాటా లేదు. ఉండే వీలు లేదు. టమాటా అమెరికా ఖండం మొక్క, యూరప్‌కు చేరింది పదహారో శతాబ్దంలో. ఇవాళ మనం లజాన్యా అనుకునే ఎర్ర మాంసం, తెల్ల సాసు పొరల వంట ఉత్తర ఇటలీలోని బొలోన్యా వైపుది. ఆ ఊళ్ళో పిండిని కాగితమంత పల్చగా వత్తే స్త్రీలకు ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, స్ఫోల్యీనా అని. పని పేరు మిగిలింది కానీ, తరతరాలుగా ఆ పని చేసిన వాళ్ళ పేర్లు మిగల్లేదు.

మిగిలిన పేర్లు చూడండి. తెల్ల సాసును బెషమెల్ అంటారు. పద్నాలుగో లూయీ దగ్గర రాచకొలువు వ్యవహారాలు చూసిన బెషమేల్ అనే దొర పేరది. పాలూ పిండీ ఉండ కట్టకుండా కలిపిన చేయి ఆయనది కాదు. మన నిజాంసాగర్ కూడా అంతే. 1923 నుంచి 1931 దాకా రాళ్ళు మోసిన వాళ్ళది కాదు ఆ పేరు. ఒక్క మినహాయింపు నాకు దొరికింది. ఇటలీ ఇళ్ళలోని వంటలన్నిటినీ పోగుచేసి 1891లో పుస్తకం వేసిన పెల్లెగ్రీనో అర్తూసీ స్వయంగా వంటవాడు కాదు. ఆయన ఇంట్లో ఆ వంటలు వండి చూసింది మారియెట్టా సబాటీని, ఫ్రాంచెస్కో రుఫిల్లి అనే ఇద్దరు పనివాళ్ళు. 1911లో చనిపోతూ పుస్తకం మీద హక్కులు వాళ్ళిద్దరికీ రాసిపోయాడు. వండిన చేతికి హక్కు రాసిచ్చిన ఇలాంటి వీలునామా మరొకటి నా చదువులో ఎదురుకాలేదు.

పిండి నానింది. చిన్నమ్మ ఉండలు చేసి చపాతీ కర్రతో వత్తడం మొదలుపెట్టింది. కింద అరచెయ్యి పెడితే గీతలు కనిపించాలట. వత్తిన పొరను గిన్నెకు సరిపోయేట్టు కత్తెరతో కత్తిరిస్తోంటే చూశాను. కొలత లేదు, గీత లేదు, అన్నీ ఒకేలా వచ్చాయి. ‘తునికాకు కత్తిరించిన చెయ్యి గదా’ అంది నవ్వుతూ. కువైట్ పోకముందు ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి వైపు ఊళ్ళలో బీడీ చేట ఒళ్ళో లేని ఆడమనిషిని వెతికి పట్టుకోవాలి ఆ రోజుల్లో. బీడీ కార్మికుల చట్టం వచ్చింది 1966లో. కానీ ఇంట్లో కూర్చుని చేసే పని కావడంతో అదీ ‘ఊకెనే కూసునే బదులు’ చేసే పనిగానే చలామణి అయింది.

మనవరాలు ఫోన్‌లో రాసి ఉన్నది చదివి, ‘అన్నీ మొదటి నుంచీ ఇంట్లనే చేసుడంటే గిదే నానమ్మా’ అని మురిసిపోయింది. చిన్నమ్మ చెయ్యి ఆగింది. ‘మొదటి నుంచా? మైదా పుడ దుకాణంలకెళ్ళి అచ్చింది గదనే! మొదటి నుంచి చేసింది మా అమ్మ’ అంది.

మా అమ్మమ్మ పని మొదలయ్యేది తొలికోడి కూసే వేళకు. జొన్నలు చాటలో చెరిగి, ఇసుర్రాయి ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ పిండి విసిరేది. పాట లేకుండా రాయి తిరిగేది కాదు. తెల్లవారాక రొట్టెలు కొట్టడం, గటుక వండటం, ఆ తర్వాత కైకిలి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంటికొచ్చినా చేతుల పచ్చదనం పోయేది కాదు. మా జిల్లా చరిత్ర రాసేవాళ్ళు నిజాంసాగర్ కాలువలు, 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, చెరకు, వరి, ఎకరాలు, టన్నులు రాస్తారు. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోవడం, 2015 డిసెంబరులో మూతపడటం రాస్తారు. రాయాల్సినవే. కానీ నా దృష్టిలో మా అమ్మమ్మ జీవితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చిన యంత్రం ఊళ్ళోకి వచ్చిన పిండి గిర్ని. దానితో ఆమెకు రోజుకు రెండు మూడు గంటల నిద్ర దొరికింది. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాస్ కనెక్షన్లు రావడం మా అమ్మ ఊపిరితిత్తులకు అంత పెద్ద సంఘటన. ఈ రెండింటినీ మలుపులుగా చెప్పే జిల్లా చరిత్ర నేను చదవలేదు.

తెల్ల సాసు వంతు వచ్చింది. వెన్న కరిగించి, అంతే బరువు మైదా వేసి, రంగు మారకుండా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ‘చెయ్యి ఆగితే ఉండ కడ్తది. ఉండ కడ్తే మేడం మొకం మాడ్తది’ అంది. అప్పుడు అడిగాను, ఎవరు నేర్పారని.

‘నాకంటె ముందుగాల ఉన్న శ్రీలంకామె. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. ఇద్దరికీ అరబ్బీ సగం సగం. చెయ్యి పట్టి తిప్పిచ్చింది.’

బోర్ల అప్పులు తీరక 1995లో చిన్నమ్మ వెళ్ళింది. మా వైపు నుంచి 1970ల తర్వాత గల్ఫ్ వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళినంత మంది ఆడవాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళలేదు. అందుకే ఊళ్ళో ఆమె ప్రయాణం గురించి నోటికొచ్చినట్టు మాట్లాడారు. ఖద్దామా వీసా, నెలకు నలభై దినార్లు, వంటింటి పక్కన చిన్న గది, యజమాని బీరువాలో పాస్‌పోర్టు. గ్రీకు, ఈజిప్టు వంటిళ్ళ గుండా అరబ్బు ఇళ్ళకు చేరిన మాకరోనీ బెషమెల్ అక్కడ ఇష్టమైన వంట. లజాన్యా దానికి అక్కలాంటిది. శుక్రవారం చుట్టాలు దిగితే రెండూ చేయాల్సిందే. ముందురోజు రాత్రే పొరలు వత్తుకుని, పొద్దున నాలుగింటికి లేచేది. అమ్మమ్మ ఇసుర్రాయి ముందు కూర్చున్న వేళే అది. దేశం మారింది, గంట మారలేదు.

కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు వారంలో ఒక సెలవు, పని గంటల పరిమితి చట్టంగా వచ్చింది 2015లో. కనీస వేతనం అరవై దినార్లని నిర్ణయించింది 2016లో. చిన్నమ్మ తిరిగొచ్చింది 2007లో. ఏ చట్టమూ ఆమెను అందుకోలేదు. బొలోన్యాకు ఉత్తరాన పో నది మైదానంలో వరి కలుపు తీసే స్త్రీలు, మోకాలి లోతు నీళ్ళలో మన నాట్ల కూలీల్లాగే వంగి పనిచేసినవాళ్ళు, ఎనిమిది గంటల పనిదినం కోసం 1906లోనే వెర్చెల్లిలో సమ్మె కట్టారు. పొలంలో అయితే పక్కన పది మంది ఉంటారు, గొంతు కలుస్తుంది. వంటింట్లో ఒక్కతే. ఇంటిపనివాళ్ళ సమ్మె చరిత్ర ఎందుకంత పల్చగా ఉందో నాకు ఆ రోజు సాసు కలుపుతున్న ఆ ఒంటరి చెయ్యిని చూస్తే అర్థమైంది.

ఇంట్లో ఓవెన్ లేదు. నిజానికి ఓవెన్ ఇంటింటికీ రావడం ఎక్కడైనా ఇటీవలి మాటే. ఇటలీ పల్లెల్లో ఆడవాళ్ళు రొట్టె పిండి మోసుకుని ఊరి ఉమ్మడి కొలిమికి వెళ్ళేవాళ్ళు. హైదరాబాద్ పాతబస్తీలో నాన్‌ఖటాయి పిండి ఇంట్లో కలిపి వీధి భట్టీలో కాల్పించుకొచ్చేవాళ్ళు. చిన్నమ్మ పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి, పెద్ద గంజులో మూడు వేళ్ళ మందం ఇసుక పోసి, ఇనుప స్టాండు పెట్టి మూత వేసింది. ఇంకో గిన్నెలో అడుగున ఇంత ఖీమా, దాని మీద ఉడికించిన పిండి పొర, మళ్ళీ ఖీమా, తెల్ల సాసు, విరిగిన పాల ముద్ద, మళ్ళీ పొర. ఐదు వరుసలయ్యాయి. గిన్నెను గంజులోకి దింపి, మూత మీద నిప్పులు పేర్చింది. ‘పెండ్లిల బగారకు దమ్ పెడ్తరు సూడు, గట్లనే. కింద సెగ, మీద సెగ.’

ముప్పావుగంట తర్వాత మూత తీస్తే పైన బంగారు రంగు తేలింది. కొయ్యబోతే వారించింది. పావుగంట ఆగాలట, లేకపోతే పొరలు జారిపోతాయట. ఆ పావుగంట ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ కూర్చున్నాం.

తిన్నాక తమ్ముడు, ‘అమ్మా, ఆర్మూర్ల హోటల్ పెట్టొచ్చే నువ్వు’ అన్నాడు మెచ్చుకోలుగా.

‘హోటల్ పెడితే పని అంటరు’ అంది చిన్నమ్మ గిన్నెలు తీస్తూ. ‘కువైట్‌ల చేస్తే పని అన్నరు, జీతమిచ్చిన్రు. గీడ చేస్తే ఏం పని లేదని రాపిస్తరు.’

గొంతు పెంచలేదు. తమ్ముడు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఆ దినార్లతో చదువుకున్నది అతను. తొలి ఏడాది నా ఎం.ఏ. ఫీజు కట్టింది కూడా ఆ డబ్బే.

మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ ‘పని చేయని’ వ్యక్తి. 2019లో దేశంలో కాలవినియోగ సర్వే చేసినప్పుడు, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. ఒకే ప్రభుత్వం ఒక కాగితం మీద ఐదు గంటలు లెక్కపెట్టి, ఇంకో కాగితం మీద ఏమీ లేదంటుంది. చిన్నమ్మ చేతులు ఏర్గట్లలో ఎంత నేర్పుగా కదిలాయో కువైట్‌లోనూ అంతే. మారిందల్లా ఆ చేతులు ఎవరి వంటింట్లో ఉన్నాయన్నదే. పరాయి ఇంట్లో అయితే వృత్తి, సొంత ఇంట్లో అయితే ఖాళీ గడి. మనం రాసే చరిత్రల్లోనూ ఆ గడి ఖాళీగానే ఉందని, దాన్ని ఖాళీగా వదిలినవాళ్ళలో నేనూ ఒకదాన్నని ఒప్పుకోవడానికే ఇదంతా రాశాను.

ఆ రాత్రి నోటుబుక్కులో రాసుకున్న పద్ధతంతా ఆమెకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. అంతా అయ్యాక, ‘ఇసుక ఎంతసేపు కాగాల్నో రాయలే’ అంది.

‘ఎంతసేపు చిన్నమ్మా?’

‘పావుగంట. నీళ్ళు సల్లితే సుర్రుమనాలె. రాయి.’

రాశాను.