మూతి వంకరపోతే తొలి 72 గంటలే కీలకం

నిద్ర లేచేసరికి మూతి ఒక పక్కకు వంకరపోయి, ఒక కన్ను మూతపడకపోతే ఇంటిల్లిపాదీ పక్షవాతమనే భయపడతారు. అయితే చాలామందిలో లోపం మెదడులో కాక, ముఖ కండరాలను కదిలించే ఏడవ కపాల నాడిలో ఉంటుంది. చెవి వెనుక ఎముకలోని ఇరుకు దారిలో సాగే ఈ నాడి వాచి నలిగిపోతుంది. స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేరిట దీనిని బెల్స్ పాల్సీ అంటారు. హెర్పిస్ వైరస్ ప్రధాన కారణమని వైద్యుల భావన. మధుమేహులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ముప్పు ఎక్కువ.

తేడా నుదుటి వద్ద తెలుస్తుంది. బెల్స్ పాల్సీలో ఆ వైపు కనుబొమ పైకి లేవదు. మెదడు పక్షవాతంలో సాధారణంగా లేస్తుంది. అయినా నిర్ధారణ వైద్యుని పనే. కాలూ చేయీ పట్టు తప్పినా, మాట తడబడినా తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.

ప్రెడ్నిసోలోన్‌ను 72 గంటల్లోగా ప్రారంభించాలి. 2007లో వెలువడిన స్కాట్లాండ్ అధ్యయనంలో ఈ మందు వాడినవారిలో 94 శాతం, వాడనివారిలో 82 శాతం మంది తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నారు. గాలి సోకిందంటూ పసరు వైద్యానికి తిరిగితే చేజారేది ఈ గడువే. ఈ మందుతో రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక మధుమేహులకు పర్యవేక్షణ తప్పనిసరి.

చాలామంది విస్మరించేది కంటిని. మూతపడని కన్ను ఎండి నల్లగుడ్డుపై పుండు పడవచ్చు. పగలు కంటి చుక్కలు వేసి, రాత్రి రెప్పను మూసి టేపు అంటించాలి.