మా బెల్‌గ్రేడ్ వీధుల్లో ఒక చిన్న పార్టీ

బెల్‌గ్రేడ్‌లో ఎవరినైనా కలవాలంటే "గుర్రం దగ్గరికి రా" అంటాం. రిపబ్లిక్ స్క్వేర్‌లో గుర్రమెక్కిన ప్రిన్స్ మిహాయిలో విగ్రహం అది. 1996-97 చలికాలంలో దాని చుట్టూ రోజూ వేలమంది చేరేవారు. వాళ్లముందు నిలబడి మాట్లాడిన ముగ్గురు నాయకుల్లో జొరాన్ జిన్‌జిచ్, వుక్ ద్రాష్కొవిచ్‌ల పేర్లు ఇప్పటికీ అందరి నోళ్లలో ఉన్నాయి. మూడో మనిషి వెస్నా పెషిచ్. ఆవిడ నడిపిన ఉదారవాద పార్టీ, సెర్బియా పౌర కూటమి, పేరు చెబితే ఈ తరం పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఈ ఊరి చరిత్రలో దానికి దక్కాల్సిన చోటు దక్కలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పెషిచ్ సమాజశాస్త్రవేత్త. యుగోస్లావియా ముక్కలవడం మొదలైన 1991 వేసవిలో యుద్ధ వ్యతిరేక కార్యాచరణ కేంద్రం పెట్టారు. సైన్యం నుంచి కాగితం ఎప్పుడొస్తుందోనని కుర్రాళ్లు ఇళ్లలో పడుకోవడం మానేసి, తెలిసినవాళ్ల ఇళ్లలో తలదాచుకుంటున్న రోజులవి. ఆ అక్టోబరు నుంచి అధ్యక్ష భవనం ఎదుట సాయంత్రాలు కొవ్వొత్తులు వెలిగించి, యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు చదివేవారు. 1992 మే 31న, సరయేవో ముట్టడిలో ఉండగా, అల్బానియా భవనం నుంచి స్లావియా కూడలి దాకా 1,300 మీటర్ల పొడవున నల్ల కాగితం పట్టీని చేతులతో ఎత్తి పట్టుకున్నారు. మామూలుగా ట్రాలీబస్సులు తిరిగే దారి అది. సొంత ప్రభుత్వం చేయిస్తున్న యుద్ధంలో పొరుగు నగరం చస్తుంటే, దాని కోసం నడివీధిలో సంతాపం పాటించడానికి ఎంత గుండె కావాలి! యుగోస్లావియా మాజీ ప్రధాని ఆంతె మార్కొవిచ్ సంస్కరణవాదుల్లో మిగిలినవాళ్లు, రిపబ్లికన్ క్లబ్ వాళ్లు కలిసి ఆ ఏడాదే పెట్టుకున్నది పౌర కూటమి.

విశ్వవిద్యాలయం, కోర్టులు, పత్రికల చుట్టూ తిరిగే మనుషుల పార్టీ అది. నగరం నడిబొడ్డు దాటితే ఓట్లు లేవు. అప్పట్లో పార్లమెంటులో అడుగుపెట్టాలంటే 5 శాతం ఓట్లు రావాల్సి ఉండేది. అందుకని 1993లో డెపోస్ అనే ప్రతిపక్ష కూటమిలో పోటీ చేసింది. 1996లో ద్రాష్కొవిచ్, జిన్‌జిచ్ పార్టీలతో కలిసి 'జాయెద్నో' ('కలిసి') అనే కూటమి కట్టింది. జాతీయవాదులతో పొత్తేమిటని పార్టీలోని జార్కో కొరాచ్ వర్గం విడిపోయి సోషల్ డెమోక్రటిక్ యూనియన్ పెట్టుకుంది. వాళ్ల అభ్యంతరం చిన్నదేమీ కాదు. కానీ నా మట్టుకు నాకు పెషిచ్ నిర్ణయమే సరైనదనిపిస్తుంది. ఆ పొత్తు లేకపోతే ఆ చలికాలమే లేదు.

నవంబరు 17న రెండో విడత స్థానిక ఎన్నికల్లో బెల్‌గ్రేడ్‌తో సహా పెద్ద పట్టణాలను ప్రతిపక్షం గెలిచింది. సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ ప్రభుత్వం ఫలితాలను రద్దు చేయించింది. జనం రోడ్డెక్కారు. ప్రభుత్వ టీవీ వాళ్ల గురించి నిజం చెప్పదు కాబట్టి, రాత్రి ఏడున్నర వార్తలు మొదలవగానే కిటికీలు తెరిచి గిన్నెలు, మూతలు, పెనాలు వాయించేవారు, ఈలలు ఊదేవారు. వార్తలు చదివే గొంతు ఆ మోతలో మునిగిపోవాలని! ఫిబ్రవరి 2 రాత్రి బ్రాంకో వంతెన దగ్గర పోలీసులు నీటి ఫిరంగులు, లాఠీలతో విరుచుకుపడ్డారు. పెషిచ్‌కు కూడా దెబ్బలు తగిలాయి. చివరికి ప్రత్యేక చట్టం చేసి మరీ ప్రభుత్వం ఓటమి ఒప్పుకుంది. ఫిబ్రవరి 21న జిన్‌జిచ్ మేయరయ్యారు.

ఆ గెలుపు వేసవి దాటలేదు. పెద్ద పార్టీలు రెండూ కొట్టుకున్నాయి. సెప్టెంబరు 30న జిన్‌జిచ్‌ను దించేశారు. మధ్యలో ఉన్న చిన్న పార్టీ మాట ఎవరు వింటారు?

1999లో పగ్గాలు గొరాన్ స్విలనొవిచ్ చేతికి వచ్చాయి. మరుసటి ఏడాది మిలోషెవిచ్‌ను ఓడించిన 18 పార్టీల కూటమిలో పౌర కూటమి కూడా ఉంది. స్విలనొవిచ్ విదేశాంగ మంత్రి అయ్యారు. ఉజిత్సె ఊరి నుంచి వచ్చిన ఈ పార్టీ మనిషే నతాషా మిచిచ్ పార్లమెంటు స్పీకరై, తాత్కాలిక అధ్యక్షురాలయ్యారు. 2003 మార్చి 12న, అప్పటికి ప్రధానిగా ఉన్న జిన్‌జిచ్‌ను కాల్చి చంపినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించింది ఆవిడే. అంత భారం మోసిన పార్టీకి, అదే ఏడాది డిసెంబరు ఎన్నికల్లో సొంత జాబితా కూడా లేదు. జిన్‌జిచ్ డెమోక్రటిక్ పార్టీ జాబితాలోనే నిలబడింది.

దాన్ని ముంచింది ఇలా ఇతరుల జాబితాల్లో నిలబడే అలవాటే. కూటములను నిలబెట్టింది, పెద్ద పార్టీలకు పరువు తెచ్చిపెట్టింది, తన పేరు మీద ఓటు వేసే అలవాటు మాత్రం జనానికి చేయలేదు. 2007 జనవరిలో చెదొమిర్ జొవనొవిచ్ కొత్త లిబరల్ డెమోక్రటిక్ పార్టీ జాబితాలో చేరింది. పదకొండేళ్ల కిందట విడిపోయిన కొరాచ్ వర్గం కూడా ఆ జాబితాలోనే ఉంది. ఆ జాబితాకు 5.31 శాతం, 15 స్థానాలు వచ్చాయి. ఏప్రిల్‌లో పౌర కూటమి లిబరల్ డెమోక్రటిక్ పార్టీలో కలిసిపోయింది.

దాన్ని కలుపుకున్న పార్టీ గతీ అంతే అయింది. 2012లో పొత్తు పెట్టుకుని 19 స్థానాలు తెచ్చుకుంది. 2014లో 3.36 శాతంతో బయటే మిగిలింది. 2016లో మరో రెండు పార్టీల తోడుతో 5.02 శాతం తెచ్చుకుని అతి కష్టం మీద లోపలికి వెళ్లింది. 2020 ఎన్నికలకు ముందు ప్రభుత్వం ఆ 5 శాతాన్ని 3కు తగ్గించింది. అయినా ఈసారి దానికి ఒక్క శాతం కూడా రాలేదు.